కప్పల ఆట, అవ్వ కాపలా

మహదేవపూర్‌లో నేను అద్దెకున్న ఇంటి అవ్వ పోయిన మంగళవారం కన్నుమూసింది. కబురు చెప్పిన ఆమె కోడలు ఫోన్లో ఏడుస్తూనే, "ఆఖరికి దవాఖానల గోలీలు గూడ వాసన చూసే మింగింది సార్" అన్నది. నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

అవ్వ దేన్నీ ఊరికే నమ్మేది కాదు. పాలు పోసే మనిషి ఎదుటే గిన్నెలో వేలు ముంచి చూసేది. నేను అద్దెకు దిగిన కొత్తలో, నిజంగా పంతులునేనా అని మా బడి కిటికీలోంచి తొంగిచూసి పోయింది. "నమ్ముడు తర్వాత. ముందుగాల చూసుడు" అనేది.

అలాంటి అవ్వ ఇంటి కింది వాటాలోకి ఒక స్వీడన్ కుటుంబం వచ్చింది. భర్తకు ఇక్కడ ఉద్యోగం. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. ఆ జూన్‌లో వానలు రాలేదు. ఒక పొద్దున ఆమె వాకిట్లో గుంత తవ్వి, నిలువు కర్రకు అడ్డకర్ర కట్టి, రెండు వెదురు వలయాలు వేలాడదీసి, వేపాకూ మందారాలూ చుట్టసాగింది.

"ఏంది బిడ్డా గిది? శిలువనా?" అంది అవ్వ.

ఆమెకు తెలుగు అంతంతమాత్రం. ఆమెను ఇంగ్లీషులో అడిగి నేనే చెప్పాను. ఏడాదిలో అన్నిటికన్నా పొడుగు పగటికి వాళ్ళ దేశంలో చేసుకునే పండుగ అది. పిల్లలు ఆ కర్ర చుట్టూ ఆడతారు. పరాయి దేశంలో పెరుగుతున్న తన పిల్లలు ఆ ఆట మరిచిపోకూడదని ఆమె ఆరాటం.

"ఆమె చెప్పిందే నువ్వు చెప్తున్నవ్" అని అవ్వ నన్నూ అనుమానంగా చూసింది. తన మనుమరాలు అటు పోకుండా చెయ్యి పట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకుంది. అన్నానికీ లేవలేదు. వాళ్ళు పెట్టిన ఉడికిన ఆలుగడ్డలు, పెరుగు ముట్టలేదు.

సాయంత్రానికి మాట వీధంతా పాకింది. నలుగురు మగవాళ్ళు గేటు దగ్గరికి వచ్చారు.

"అవ్వా, నీ ఇంట్ల మతం మారుస్తున్నరట. ఆ కట్టె పీకెయ్యమను" అన్నాడొకడు.

ఆ తల్లి పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. నేను మెట్ల మీదే ఆగిపోయాను.

అవ్వ లేచింది. "పొద్దుగాల సంది గీడనే కూసున్న. నీకంటె ఎక్కువ అనుమానం నాకే ఉన్నది. ఆకులు, పూలు, పిల్లలు. ఇంకేమన్న ఉంటె నేనే పీకి పారేద్దును. నువ్వేం చూసినవ్, చెప్పు?"

అవ్వ పిల్లల వైపు తిరిగి, "ఆడుకోండ్రి బిడ్డా" అంది. వాళ్ళు చెవుల దగ్గర చేతులు ఆడిస్తూ, బెకబెకమంటూ, కర్ర చుట్టూ కప్పల్లా గెంతారు.

"ఓరి! గిది మన కప్పతల్లి ఆటనే గద!" అంది అవ్వ.

వానలు రాకపోతే మా వైపు పిల్లలు వేపాకులో కప్పను కట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటివాళ్ళు వాళ్ళ మీద నీళ్ళు పోస్తారు. అవ్వ మనుమరాలి చెయ్యి వదిలేసింది. ఆ పిల్లా వెళ్ళి గెంతింది. గేటు దగ్గరివాళ్ళలో ఒకడు నవ్వాడు. తక్కినవాళ్ళు మెల్లగా జారుకున్నారు.

ఆ రోజు నేను భయపడి ఊరుకున్నాను, అవ్వ ఊరుకోలేదు. ఆ మాట ఆమెతో ఎన్నడూ చెప్పుకోలేకపోయాను.

అవ్వ బిందెడు నీళ్ళు తెచ్చి ముగ్గురి నెత్తినా కుమ్మరించింది. స్వీడన్ పిల్లల్లో పెద్దది, అదీ పండుగలో భాగమే అనుకుందేమో, మళ్ళీ పోయమన్నట్టు తల వంచి నిలబడింది. అవ్వ ఆ తడి తలను కాసేపు అనుమానంగానే చూసింది. తర్వాత ఖాళీ బిందె చంకన పెట్టుకుని నల్లా వైపు నడిచింది.