మూత తీయని ఫ్లాస్క్

మొన్న బుధవారం పొద్దున ఆఫీస్‌కి బయలుదేరుతుంటే పడవ కెప్టెన్ ఫోన్ చేశాడు. సముద్రంలో వెతకడం ఆపేశారట. మా పక్కింటి అంకుల్ ఇక లేరన్న కబురు అలా వచ్చింది. నిజానికి ఆయన నీళ్లలోకి దిగిన శనివారమే, పడవ మీద నిలబడి ఉండగానే నాకు అర్థమైపోయింది. ఒప్పుకోవడానికే ఇన్ని రోజులు పట్టింది.

మా న్యూజెర్సీ ఎడిసన్‌లో అంకుల్స్ రిటైరయ్యాక గుడికి వెళ్తారు, పేకాడతారు, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటారు. ఈయన మాత్రం అట్లాంటిక్ అడుగున మునిగి ఉన్న ఓడల్ని చూడటానికి వెళ్లేవారు. నిజామాబాద్ వైపు వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్న మనిషి. పెళ్లయ్యేదాకా సముద్రమే చూడలేదు. ఇక్కడ ఎండాకాలంలో కూడా అడుగున నీళ్లు ఎముకలు కొరుకుతాయి. డైవింగ్ సూట్ కింద ఆంటీ అల్లిన స్వెటర్ వేసుకునేవారు. పడవ ఎక్కింది మొదలు దూకేదాకా మంకీ క్యాప్ తీసేవారు కాదు. తోటి డైవర్లు నవ్వితే ఆయనా కలిసి నవ్వేవారు.

నా ఉద్యోగం పోయి వీసా గడువు తరుముతున్న రోజుల్లో, ఇంట్లో కూర్చుని కుమిలిపోనివ్వకుండా నన్ను లాక్కెళ్లి డైవింగ్ నేర్పింది ఆయనే. "నీళ్లల్ల ఫోన్ మోగది, పా," అన్నారు. అప్పుడు నేను మనిషిగా నిలబడ్డానంటే ఆయన చలవే. మొదటిసారి ఆకుపచ్చని చీకట్లోంచి తుప్పుపట్టిన ఓడ గోడ కనిపించగానే ఆత్రంగా కాళ్లాడించాను. పైకొచ్చాక అక్షింతలు పడ్డాయి.

"గంత తొందరేంది? ఓడ యాడికి పోతది? మునిగినంక ఇగ కదలదు. ముందుగాల మంచిగ ఊపిరి తీస్కో."

ఆయనకొక పట్టింపు ఉండేది. ప్రతి ట్రిప్పుకీ ఆంటీ స్టీలు ఫ్లాస్క్ నిండా మిరియాల చారు పోసి ఇచ్చేవారు. నీళ్లలోకి దిగిన ఆఖరి మనిషి పైకొచ్చేదాకా అంకుల్ దాని మూత తీయనిచ్చేవారు కాదు. చలికి పళ్లు టకటకలాడుతున్నా సరే. ఒకసారి కెప్టెనే చెయ్యి చాచి బతిమాలాడు. "అందరు రానియ్యి," అన్నారు అంకుల్, తెలుగులోనే. ఆ అమెరికన్‌కి భాష రాకపోయినా సంగతి అర్థమైంది. అప్పటి నుంచి చివరి డైవర్ నిచ్చెనెక్కగానే "చారూ!" అని అరిచేది అతనే.

ఆ శనివారం చూడబోయిన ఓడ చాలా లోతున ఉంది, నా అనుభవానికి అందనంత లోతు. అందుకే ఫ్లాస్క్ ఒళ్లో పెట్టుకుని పడవ మీదే కూర్చున్నాను. ఓడ లోపలికి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర దారం కట్టి విప్పుకుంటూ పోతారు, తిరిగి దాన్నే పట్టుకుని వస్తారు. లోపల బురద లేచి చేతికి చెయ్యి కనబడలేదట. ఆయనతో దిగిన డైవర్ దారం తడుముకుంటూ బయటపడి, ఒక్కడే నిచ్చెనెక్కాడు. "నా వెనకే ఉన్నాడనుకున్నా," అని ఏడ్చాడు. కెప్టెన్ ఆ రోజు అరవలేదు.

మర్నాడు దిగినవాళ్లకి ఇనుప అంచుకు తెగిన దారం కొస దొరికింది. ఆయన దొరకలేదు. గాలులు మొదలయ్యాయి, ఈ చలికాలం అక్కడికి పడవలు వెళ్లవు. ఆ పైన వెళ్లినా, ఒరిగిపోయిన ఆ ఓడ అప్పటికి నిలిచి ఉంటుందన్న నమ్మకం కెప్టెన్‌కి లేదు. నాకూ లేదు.

నిన్న పంతులుగారు వచ్చి, దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించవచ్చన్నారు. ఆయన వెళ్లాక ఆంటీ నా వైపు తిరిగారు.

"మనిషి కిందనే ఉన్నడు కద. గడ్డిబొమ్మకు నిప్పెట్ల పెడ్త?"

"నేను దిగగలిగే లోతు కాదు ఆంటీ," అన్నాను.

"ఎరుకే బిడ్డా."

లేచి వంటగదిలోకి వెళ్లాను. శనివారం నేను తెచ్చిచ్చిన ఫ్లాస్క్ ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. ఎత్తితే బరువుగా తగిలింది. లోపల చారు పులిసిపోయి ఉంటుంది. కడిగి పెడతానని సింక్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆంటీ వచ్చి నా చేతిలోంచి దాన్ని తీసుకున్నారు. "అందరు రాలే కద," అని, బిగిసే ఉన్న మూతను ఇంకాస్త బిగించారు.