తర్బూజలో పరమాణువు

మక్తల్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్న నా బిడ్డ మొన్న ఫోన్లో ఒక వీడియో పంపింది, చూసినప్పటి నుంచి నా కడుపుమంట చల్లారలేదు. మధ్యలో బతుకమ్మ, చుట్టూ వలయాలుగా తిరిగే ఆడపిల్లలు, పరమాణువు పాఠం. "మా చిన్నమ్మ మాకు గిట్లనే నేర్పింది" అని పిల్లలకు ఎంత మురిసిపోతూ చెప్పిందో!

ఆ చిన్నమ్మ నా తోడికోడలు. తెలంగాణ వచ్చిన కొత్తలో మేమిద్దరం దేవరకొండలో ఒకే బడిలో సైన్సు చెప్పేవాళ్లం. తల్లి క్లాసులో బిడ్డ ఉంటే బాగుండదని వచ్చే ఏడు నా బిడ్డను ఆమె సెక్షన్లో వేస్తామని ముందే చెప్పారు. అయినా మొదట చెప్పేది నేనే కావాలని, ఆ ఎండాకాలం సెలవుల్లోనే బిడ్డను కత్తిపీట ముందు కూర్చోబెట్టి, తర్బూజను, అదే పుచ్చకాయను, రెండు చెక్కలు చేసి, పరమాణువును ఇక ముక్కలు చేయలేమని ఒకాయన అంటే, కాదు, దాంట్లో ఇంకా చిన్న కణాలు ఈ గింజల్లాగా పొదిగి ఉన్నాయని తర్వాతి పెద్దమనిషి అన్నాడని, అదీ తప్పేనని, లోపల దాదాపు అంతా ఖాళీ, నడుమ గట్టి కేంద్రకం ఉందని ఆయన శిష్యుడే తేల్చాడని వివరంగా చెప్పాను. బిడ్డ గింజలు ఏరుకుంటూ తిన్నది, విన్నదో లేదో ఇప్పటికీ అనుమానమే.

దసరా సెలవుల ముందు బడిలో బతుకమ్మ ఆడుతుంటే, నా తోడికోడలు బతుకమ్మే కేంద్రకం, ఆడేవాళ్లు ఎలక్ట్రాన్లు అంది. మన ఈడు ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు, లోపలి వలయం నిండితే తర్వాత వచ్చినవాళ్లు బయట ఇంకోటి కడతారు. లోపల ఒకరు తప్పుకుంటే బయటి పిల్ల ఆ జాగాలోకి దూకుతూ టార్చి వెలిగించాలి, పరమాణువులోంచి వెలుగు అట్లాగే వస్తుందట! ఆ టార్చి పట్టుకుని దూకింది నా బిడ్డే. ఇంటికి రాగానే, "అమ్మా, గిప్పుడు సమజైంది" అన్నది. పైకి నవ్వాను గానీ ఆ పూట అన్నం సయించలేదు.

శిష్యుడు తన మాటను తోసేసినప్పుడు, గింజల మాట చెప్పిన ఆ గురువుకు ఎట్లా అనిపించిందో ఏ పుస్తకంలోనూ చదవలేదు, నాకు మాత్రం ఆ మంట ఇన్నేళ్లయినా తగ్గలేదు.

వీడియో చివర్లో బిడ్డ, "గీ వలయాలు గూడ పూర్తి నిజం గాదు, ఎలక్ట్రాన్ గీడనే తిరుగుతదని గీత గీసి చెప్పలేం, మబ్బు లెక్క అనుకోవాలె" అన్నప్పుడు, దాచడమెందుకు, నా ప్రాణం కాస్త కుదుటపడింది. తోడికోడలి బతుకమ్మకూ కాదనిపించుకోవడం తప్పలేదన్నమాట. తర్బూజ మాటా వచ్చింది. "ఒకప్పుడు తర్బూజ లెక్క ఉంటదనుకున్నరు" అన్నది, అంతే. ఆ తర్బూజను కోసి చూపించిందెవరో చెప్పలేదు.

నిన్న బజారు నుంచి ఒకటి తెచ్చి కోశాను. ఇప్పుడు అన్ని కాలాల్లోనూ దొరుకుతున్నాయి కదా. ఎర్రగా, తియ్యగా ఉంది గానీ ఎంత వెతికినా ఒక్క గింజ లేదు. బిడ్డ వచ్చి మళ్లీ చెప్పమన్నా ఇక ఏం చూపించి చెప్పను?