సూది తెలియని చెయ్యి

నేను కాపురానికి వెళ్లిన ఏడాది, రాజంపేట దగ్గర మా అత్తగారి ఊరికి పచ్చబొట్లు పొడిచే ఆమె వచ్చింది. పచ్చబొట్టు లేని కోడలి చేతి నీళ్లు తాగనని మా అత్త పట్టు. నా మోచేతి కింద రూపాయంత తెల్లమచ్చ ఉండేది. అందరూ దాన్ని శోభి అనేవాళ్లు. శోభి ఉన్న పిల్ల అడుగు పెడితే ఇంటికి కలిసొస్తుందని మా వైపు మురిసిపోతారు. మా అత్త సరిగ్గా ఆ మచ్చ మీదనే తేలు బొమ్మ పొడిపించింది.

సూదులు దిగుతుంటే నేను కదల్లేదు. "మా కోడలు శానా గట్టిది. కంట్లో సుక్క నీళ్లు రాలేదు సూడండి" అని మా అత్త వీధంతా చెప్పుకుంది. ఆ మెప్పు నాకూ బాగానే ఉండింది. నిజానికి ఓర్చుకోవడానికి అక్కడ నొప్పే లేదు.

రెండేళ్లకు ఆడబిడ్డ పుట్టింది. పాలిచ్చే రోజుల్లోనే నా చిటికెనవేలు వంగిపోయి, మళ్లీ చాపడానికి రాలేదు. మా ఆయన కడపలో మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని, దూది తాకినచోటల్లా వేలు పెట్టి చూపించమంది. మెడ మీద, భుజం మీద చూపించాను. తర్వాత చాలాసేపు ఏమీ తాకలేదు. "ఇంకా పెట్టలేదేమ్మా?" అన్నాను. అప్పటికే మచ్చ మీద నాలుగైదుసార్లు తాకించిందట. మోచేతి వెనక నరాన్ని తడిమి చూసింది. అది తాడులా లావెక్కి ఉండింది.

కుష్టు అని మా ఆయనతో చెప్పింది, నాతో కాదు.

"శోభి అయితే స్పర్శ పోదు. వారం వారం నూనె సూది వేయించుకుంటే రోగం ఆగొచ్చు. బిడ్డను మాత్రం దగ్గరికి తీయకూడదు, పసివాళ్లకు తొందరగా అంటుతుంది."

మా అత్త తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. వేపాకు తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వే నూరుకో తల్లీ" అంది. నూరి రొమ్ములకు పట్టించుకున్నాను. బిడ్డ నోరు పెట్టి ఏడ్చింది. మళ్లీ నోరు పెట్టింది, మళ్లీ ఏడ్చింది. అత్త ఎత్తుకుపోయింది.

నేను చేని గుడిసెలోకి మారాను. వారం వారం కడపకు పోయి ఆ చిక్కటి నూనె ఎక్కించుకునేదాన్ని. ఆ రోజుల్లో కుష్టుకు అదొక్కటే మందు. పొడిచినచోట గడ్డ కట్టి కూర్చోనిచ్చేది కాదు. బిడ్డ నడక నేర్చుకోవడం గట్టు అవతల నుంచే చూశాను. ఏళ్లు గడిచాక డాక్టరమ్మ ఒళ్లంతా పరీక్షించి, రోగం ఆగిపోయింది, ఇక బిడ్డను ఎత్తుకోవచ్చు అంది.

ఇంటికి వస్తే మా అత్త తానే బిడ్డను తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టింది. "మీయమ్మే, ఉండు" అంది. బిడ్డ కొయ్యలా బిగుసుకుంది. తర్వాత గుక్కపట్టి ఏడుస్తూ మా అత్త వైపు చేతులు చాపింది.

"ఎత్తుకో అత్తా, భయపడతాండాది" అన్నాను.

నేను ఏడ్చి ఉండాల్సింది. అన్నేళ్లు సూదులు పొడిపించుకున్నది ఆ ఒక్క క్షణం కోసమే కదా. ఏమీ అనిపించలేదు. ఒడి తేలికైంది, అంతే. లేచి పోయి పొయ్యి రాజేశాను.