ఎదురింటత్త తెచ్చిన మురికి స్పాంజి

నా చిన్నప్పుడు నాకు ఎవరినీ ఒక పట్టాన నమ్మే అలవాటు లేదు. పాలాయన పాలు పోస్తుంటే చెంబులోకి తొంగి చూసేదాన్ని. మా బాపు మిఠాయి తెస్తే, నా పొట్లం, తమ్ముడి పొట్లం రెండు చేతుల్లో పట్టుకుని ఏది బరువో చూసేదాన్ని. "దీనికి అన్ని అనుమానాలే" అని మా అవ్వ విసుక్కునేది. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అనే పిలుస్తాం.

మేము బొగ్గు గనుల కాలనీలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. ఒక ఏడు మా తమ్ముడు జామచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తొడ దాకా పిండికట్టు వేసి మంచం మీద పడుకోబెట్టారు. బయట పిల్లల కేకలు వినిపిస్తే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. వాడి దిగులు చూడలేక మా బాపు కరీంనగర్ పోయి ఒక గాజుతొట్టి, రంగురంగుల చేపలు కొనుక్కొచ్చాడు. తొట్టితో పాటు చిన్న గాలి పంపు, దానికి సన్నటి గొట్టం, గొట్టం చివర గుప్పెడంత స్పాంజి. నీళ్లను శుభ్రం చేసేది ఆ స్పాంజేనని దుకాణం వాడు చెప్పాడట. తమ్ముడు మంచం మీంచే చేపలకు పేర్లు పెట్టాడు. అన్నం కూడా వాటిని చూస్తూనే తినేవాడు.

వారం తిరక్కుండానే చేపలు ఒక్కొక్కటే వెల్లకిలా తేలడం మొదలుపెట్టాయి. మా అవ్వ శుభ్రానికి పెట్టింది పేరు. రోజూ పొద్దున్నే స్పాంజిని నల్లా కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండేది. అయినా చివరి చేప కూడా పోయింది. తమ్ముడు మళ్లీ గోడ వైపు తిరిగాడు. ఈసారి అన్నం కూడా వద్దన్నాడు.

అప్పుడే మా ఎదురింటత్త వచ్చింది. ఆమె పుట్టిల్లు ఆసిఫాబాద్ దిక్కు. ఆమె ఇంట్లోనూ ఒక పాత తొట్టి, దాని నిండా చేపలు ఉండేవి. చేపల్లేని మా తొట్టిని చేత్తో తడిమి, "ఇగ ఇది తీసేస్తరా వదినా? తీసేస్తే నాకియ్యరాదు" అని మా అవ్వను అడిగింది. ఆ మాట నా చెవిలో పడింది. అంతే, నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. చేపలున్నన్నాళ్లూ సాయంత్రమైతే ఈమె వచ్చి తొట్టి దగ్గర నిలబడేది కదా, అప్పుడేం చేసిందో అనుకున్నాను.

మా బాపు మాత్రం మళ్లీ చేపలు తెస్తానన్నాడు. ఈ స్పాంజి వల్ల లాభం లేదు, నీళ్లను గుంజే పెద్ద మోటారు ఫిల్టర్ పెట్టాలని దుకాణం వాడు చెప్పాడట. ఎదురింటత్త ఆ మాట విని తల అడ్డంగా ఊపింది.

"మోటారుది వద్దు, అన్నా. దాని గుంజుడుకు చిన్న చేపలు అందుల వడ్తయ్. మీ స్పాంజే మంచిది. వదినె దాన్ని రోజు కడుగుడే తప్పయింది. చేపల మురికి నీళ్లల్ల విషమైతది. ఆ విషాన్ని తినే సన్న సన్న పురుగులు స్పాంజిల పెరుగుతయ్, కంటికి కనవడయ్. నల్లా నీళ్లల్ల కలిపే మందుకు అవి సస్తయ్. నాయి గూడ మొదట్ల గిట్లనే సచ్చినయ్."

మర్నాడు ఆమె చేతిలో ఏదో పట్టుకుని వచ్చింది. తన తొట్టిలోని స్పాంజిని సగానికి కోసిన ముక్క. గోధుమరంగులో, జిగటగా, చెరువు వాసన వేస్తోంది. దాన్ని మా తొట్టిలోకి పిండబోయింది. నేను రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాను.

"ఎందుకే బిడ్డా?" అంది.

"మా చేపలు మళ్ల సస్తే ఈ తొట్టి నీకొస్తదని గిట్ల చేస్తున్నవ్" అన్నాను.

మా అవ్వ చెయ్యెత్తింది. ఆ చేతిని ఎదురింటత్త గాల్లోనే పట్టుకుంది. ఆమె మొహం ఒక్క క్షణం చిన్నబోవడం నేను చూశాను. తర్వాత మెల్లగా, "కొట్టకు వదినా. మనసుల పెట్టుకోకుండ మొకం మీదనే అడిగింది. మంచిగడిగింది" అని బయటికి పోయింది.

కాసేపటికి స్టీలు గిన్నెతో తిరిగొచ్చింది. అందులో ఆమె నల్ల చేప ఉంది. తోక అంచు కాస్త చిరిగిన ఆ చేప, ఆమె వేలు పెడితే వచ్చి ముద్దాడేది. "మీ చేపలు ఇప్పుడే తేకుండ్రి. ముందుగాల నాది ఉంటది. బతికినంక నమ్ము" అని నాతో చెప్పి, స్పాంజి పిండి, ఆ ముక్కను మా గొట్టానికి కట్టి, చేపను వదిలింది.

నేను అప్పుడూ నమ్మలేదు. చచ్చిన చేపను తీసి ఇంకొకటి వేసిపోతుందేమోనని, తొట్టి మూత మీద నల్ల దారం పోగు అడ్డంగా పరిచాను. ఎవరు మూత తీసినా అది జారిపోతుంది. ఆమె సాయంత్రం వచ్చి ఆ దారాన్ని చూసింది, నన్నూ చూసింది. ఆ రోజు నుంచి ఎప్పుడొచ్చినా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, మూతకు దూరంగా నిలబడి చూసి పోయేది.

మొదట్లో నీళ్లు మసకబారాయి. నల్ల చేప మూలకు చేరి మెతుకు ముట్టలేదు. "చూసినవా?" అన్నాను తమ్ముడితో. వాడు మాత్రం గోడ వైపు తిరగడం మానేశాడు. రోజంతా ఆ చేపనే చూసేవాడు. కొన్నాళ్లకు నీళ్లు తేటపడ్డాయి. చేప మూల వదిలి తిరగసాగింది. నేను తోక చూశాను. అదే చిరుగు.

ఒక మధ్యాహ్నం తమ్ముడు, "అక్కా, ఉరికిరా! అందుల ఏందో కదులుతున్నయ్!" అని అరిచాడు. స్పాంజి చుట్టూ ఆవగింజలంత కళ్లతో నల్లటి చేపపిల్లలు! కొన్ని ఆ స్పాంజినే పట్టుకుని దానిమీది నాచు కొరుక్కుంటున్నాయి. మోటారు ఫిల్టర్ పెట్టి ఉంటే అవి ఒక్కటీ మిగిలేవి కావు.

ఆ సంగతి చెప్పడానికి ఎదురింటికి పరుగెత్తాను. అక్కడ ఆమె తొట్టిలో నీళ్లు పలచటి గంజిలా ఉన్నాయి. గాజు మూలన పగులు, దాని మీద ఏదో ముద్ద అతికించి ఉంది. మా తొట్టి ఎందుకు అడిగిందో అప్పుడర్థమైంది. చేపలు కూడా మునుపటికంటే తక్కువగా కనిపించాయి.

"ఏమైందత్తా?" అన్నాను.

"సగం స్పాంజి మీకిచ్చిన గద, మిగిలింది సాలలే. రెండు పోయినయ్. ఇప్పుడు తేరుకుంటున్నయ్ తియ్, ఫికరు లేదు" అంది.

ఆమె చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చాను. ఆమె ముందే మూత మీది దారం తీసి పారేశాను. తమ్ముడు పిల్లల్ని లెక్కపెట్టలేక నవ్వుతున్నాడు. వచ్చేటప్పటికే కడుపుతో ఉన్న ఆ తల్లి చేపను తిరిగి తీసుకుపొమ్మంటే, బాలింతను కదిలించొద్దని మా దగ్గరే ఉంచింది.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. పసిపిల్లల తల్లులు ఎందరో నా చేతిలోని సూదిని అనుమానంగా చూసేవారు. "ఇదేం మందు? నిన్న రంగు వేరే ఉండె గద?" అని నిలదీసేవారు. తోటివాళ్లు కసురుకునేవారు. నాకు మాత్రం కోపం వచ్చేది కాదు. సీసా వాళ్ల చేతికిచ్చి, చూసుకున్నాకే సూది వేసేదాన్ని.

నా అనుమానం గుణం ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా అనుకోను. కాకపోతే ఎవరి మీద అనుమానం వచ్చినా, వాళ్ల వెనక ఇంకొకరితో అనను. ఎదురుగా కూర్చుని వాళ్లనే అడుగుతాను. జవాబు చెప్పడానికి వాళ్లకు కొంత సమయం కూడా ఇస్తాను.