పడమటికి తిరిగి కూర్చున్న మా అత్త

మా అత్త చనిపోయింది. మా నాన్నకి అక్క, నాకు మేనత్త. ఊరి మొగలో కట్టిన ఫ్లెక్సీ మీద "ప్రభువునందు నిద్రించిరి" అని వేయించారు. అందరికీ అదే వేయిస్తారు, తప్పు పట్టడం లేదు. కానీ మా అత్తకి ఆ మాట అతకదు. ఊరంతా నిద్రపోతున్నప్పుడు లేచి కూర్చునే మనిషి ఆవిడ. నిద్రకీ ఆవిడకీ ఎప్పుడూ పడలేదు.

ఆ రోజు తెల్లవారుజామున ఎప్పటిలాగే నేను కాలవ గట్టు మీదికి వెళ్ళాను. నాకంటే ముందే ఆవిడ అక్కడ ఉండాలి. లేదు. ఆవిడ పరుచుకుని కూర్చునే యూరియా గోతం తుమ్మచెట్టు కొమ్మల మధ్య, నిన్న మడత పెట్టినట్టే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి పరిగెత్తాను. మా ఇంటి పక్క గదిలో, మంచం మీద పక్కకి తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది.

ఏడ్చాను. ఏడుపు గురించి రాయను. ఆవిడ గురించి చెప్పాలంటే నాకు హుషారొస్తోంది, సిగ్గు పడకుండా ఒప్పుకుంటున్నాను. ఇలాంటి మనిషి పక్కన బతికాను అని దారిన పోయేవాళ్ళ భుజాలు పట్టుకుని ఊపి చెప్పాలని ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది గుంటూరుకి ఆటోలో వెళ్ళొచ్చే పల్లె. చుట్టూ మిరప, పత్తి. అత్త బతుకంతా ఆ రెండింట్లోనే నడుం వంచింది. మామయ్య తొందరగా పోయాడు, పిల్లల్లేరు. తమ్ముడి మీద పడి తింటోంది అనిపించుకోవడం ఇష్టం లేక మా పక్కనే రేకుల గది వేయించుకుంది. పత్తి తీతలప్పుడు చీకటితోనే బయల్దేరాలి కదా, ఆ మెలకువ ఒంట్లో పాతుకుపోయింది. ఒకసారి వానలకి పనులు ఆగిపోయినా మెలకువ మాత్రం వచ్చేసిందట. పడుకుంటే నడుం నొప్పి. లేచి వెళ్ళి గట్టు మీద కూర్చుందట.

"చేతిలో సంచీ లేదు, వెనకాల అరిచేవాడు లేడు. పని లేకుండా చేలు చూడ్డం అదే మొదలు కోడలా. ఇంత చేసి పెట్టి, ఇది ఎప్పుడు చూస్తుందా అని ఇన్నాళ్ళూ కాసుకు కూచున్నాడే ఈయన అనిపించింది" అనేది.

ఈయన అంటే దేవుడు. ఆవిడ దేవుణ్ణి ఎప్పుడూ ఆయన, ఈయన అనే అనేది, ఇంట్లో మనిషిని అన్నట్టు. ఆ రోజు మొదలు గట్టు మానలేదు.

నేను పదో తరగతి అయ్యాక మిర్చి షెడ్డులో చేరాను. ఎండుమిరపకాయలకి తొడిమలు తీసే పని. ఘాటు గొంతులోకి పోతుంది, కళ్ళలోకి పోతుంది, ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటే వేళ్ళలో ఉంటుంది. షెడ్డుకి వెనక ఒక షట్టరు ఉంది, తీస్తే గాలొస్తుంది. మేస్త్రి తియ్యడు. దుమ్ము పడుతుందంటాడు. మా ఊపిరితిత్తుల్లో పడేది ఆయనకి కనపడదు. ఒకరోజు దగ్గీ దగ్గీ లేచి, నా బుట్ట తీసి ఆయన కాళ్ళ ముందు కొట్టాను. ఆ పూటకి ఇంటికి పంపేశాడు. ఇంటికొచ్చి గిన్నెలు విసిరాను. అత్త గుమ్మంలో నిలబడి చూసింది.

"అయిపోయాయా, ఇంకా ఏమన్నా మిగిలాయా విసరడానికి?"

"నన్ను కదిలించకు అత్తా."

"కదిలించన్లే. రేపు తెల్లారగట్ల నాతో రా."

"ప్రార్థనకా? రాను. ఆయనకి చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది."

"మంచిదే. అక్కడ నోటితో పన్లేదు."

వెళ్ళాను. తుమ్మచెట్టు పక్కన గోతం పరిచి, సగం నాకు వదిలి, కాలవ మీదుగా తూర్పుకి తిరిగి కూర్చుంది. అంతే, ఇంకేం లేదు. కాసేపు చూసి నేను ఫోను తీశాను. లాక్కుని రవికలో దోపుకుంది.

"మరి ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యకు. ఇక్కడ నిన్నెవరూ కూలికి పెట్టలేదు."

ఆ మాట అంత తేలిగ్గా దిగలేదు నాకు. మొదట్లో చీమలు కుట్టాయి. తర్వాత నిద్ర ముంచుకొచ్చింది. మేస్త్రిని మనసులో తిట్టుకుంటూ కొన్ని పొద్దుటిపూటలు గడిపేశాను. తర్వాత ఎప్పుడో ఒకరోజు వెనక్కి చెయ్యి ఆన్చితే ఏదో తగిలింది. గట్టుకి ఆనుకుని ఉన్న మిరప మొక్క. దానికి గోరంత తెల్ల పువ్వు, తల కిందికి వేసుకుని, అంచున మంచుబొట్టుతో. పుట్టినప్పటినుంచీ మిరపలోనే ఉన్నాను. కాయలు కోశాను, కల్లంలో ఎండబెట్టాను, తొడిమలు తీశాను. పువ్వుని మాత్రం చూడలేదు. అంత మంట పుట్టించే కాయ ఇంత నెమ్మదైన పువ్వులోంచి వస్తుందా?

"అత్తా" అని అరిచాను. గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

"చూశావుగా. ఇక ఊరుకో" అంది, నా వైపు తిరక్కుండానే.

ఊరుకోవడం నా వల్ల ఎక్కడవుతుంది? షెడ్డులో ఆ రోజంతా పక్కవాళ్ళకి అదే చెప్పాను. "మిరప పువ్వంటనే, అదో వింతంట. దీనికి ఎవరన్నా ప్రార్థన చేయించండే" అని నవ్వారు. నవ్వితే నవ్వారు. చిన్నప్పటినుంచీ ఆదివారం ఆదివారం దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని విన్నాను, పాడాను, చప్పట్లు కొట్టాను. ఆ పొద్దున ఆ పువ్వు ముందు మొదటిసారి నమ్మాను. ఎవరూ చూడకపోయినా అంత శ్రద్ధగా పని చేసేవాడు నన్ను మాత్రం తేలిగ్గా చేసి పారేస్తాడా?

కోపం పోయిందనుకునేరు. పోలేదు. అత్త పొమ్మనలేదు కూడా. "కోపం ఉంచుకో. కాకపోతే రోజూ పొద్దున్నే కడిగి పెట్టుకో. మాడంటిన గిన్నెలో ఏం వండినా మాడు వాసనే" అంది. కొన్నాళ్ళకి షెడ్డులో ఆడవాళ్ళం అందరం పని ఆపి, లేచి నిలబడి, కేకలు వేయకుండా షట్టరు తియ్యమని అడిగాం. మేస్త్రి నా చేతుల వైపు చూశాడు, బుట్ట ఉందేమోనని. లేదు. షట్టరు లేచింది. ఇప్పటికీ లేచే ఉంది.

అసలు గొడవ తర్వాత వచ్చింది. మా చర్చిలో ప్రార్థనంటే కళ్ళు మూసుకోవాలి, కొంగు నెత్తిన కప్పుకోవాలి, నలుగురికీ వినపడేలా పలకాలి. అత్తేమో కళ్ళు తెరుచుకుని, పెదవి కదపకుండా, తూర్పుకి తిరిగి కూర్చుంటుంది. ఒకరోజు పాలాయన బండాపి, "ఏంటక్కా, సూర్యనమస్కారాలు మొదలెట్టావా?" అన్నాడు, సరదాకి. అత్తా నవ్వింది. ఆ సరదా ఊళ్ళో ఇంటింటికీ తిరిగి, చర్చి మెట్లు ఎక్కేసరికి నిజమైపోయింది. మా అత్త సూర్యుణ్ణి కొలుస్తోందట.

ఆరాధన అయ్యాక అత్తని చర్చి వరండాలోకి పిలిచి అడిగారు. పాస్టరయ్యగారు ఉన్నారు, సంఘపెద్ద ఉన్నాడు. సంఘపెద్ద మాలాంటి మట్టి మనిషే. మేము కూర్చునే గట్టుకి పడమట ఉన్న మిరప చేను ఆయన కౌలుదే. దేవుడి విషయంలో మాత్రం గీత గీశాడంటే గీతే. అడిగింది ఆయనే.

"రోజూ అక్కడ ఏం చేస్తుంటావు చెల్లెమ్మా?"

"కూచుంటా అన్నయ్యా."

"కూచుని?"

"కూచునే ఉంటా."

"ప్రార్థన చేస్తావా?"

"అది ఇంటి దగ్గరే చేసి వస్తా. అక్కడ ఆయనేమన్నా చెబుతాడేమోనని నోరు మూసుకుంటా."

"మరి కళ్ళు మూసుకోవేం?"

"అంత కష్టపడి చేసి చూపిస్తుంటే కళ్ళు మూసుకుంటే ఏం బాగుంటుంది, చెప్పు."

పాస్టరయ్యగారు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. సంఘపెద్ద నవ్వలేదు. "సూర్యుడికి ఎదురుగా కూచుంటే బయటివాళ్ళు ఏమనుకుంటారమ్మా?"

"అంతేనా? అయితే రేపట్నించి పడమటికి తిరుగుతాలే. సూర్యుడు నా వీపు చూసుకుంటాడు."

"ఎగతాళి కాదు. ఆ కూచోడమే మానెయ్. మానేదాకా ప్రభువు బల్లకి దూరంగా ఉండు."

ప్రభువు బల్లంటే మాకు నెల మొదటి ఆదివారం ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం. అత్తకి అది ప్రాణం. ముందు రోజే తెల్లచీర ఉతికి గంజి పెట్టేది. ఇంటికి నడుస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"వదిలెయ్ అత్తా ఈ చర్చిని. గుంటూర్లో బోలెడున్నాయి."

"చర్చీ నాదే, గట్టూ నాదే. రెండు కళ్ళలో ఏ కన్ను మూసుకోమంటావే?"

మూసుకోలేదు. మర్నాడు అన్న మాట ప్రకారం పడమటికి తిరిగి కూర్చుంది. ఎండ వీపున తగలగానే ఆవిడ నీడ మిరప సాళ్ళ మీదుగా సాగిపోయింది. ఆవిడ చాలా పొట్టి మనిషి. ఆ నీడ చూసి మురిసిపోయింది. "చూశావే, నన్నెంత పొడుగు దాన్ని చేశాడో. ఇన్నాళ్ళూ అటు తిరిగి కూచుని ఇది పోగొట్టుకున్నాను" అంది. చేను చివర మా సమాధుల తోట గోడ. "మీ మామ కూడా కనిపిస్తున్నాడు" అని నవ్వింది.

మొదటి ఆదివారం వచ్చింది. తెల్లచీర కట్టుకునే వచ్చి వెనక వరసలో కూర్చుంది. రొట్టె పళ్ళెం మా వరసకి వచ్చి, ఆవిణ్ణి దాటి నా దగ్గరికి వచ్చింది. నేను లేచిపోబోయాను. కొంగు పట్టి లాగింది.

"కూచో. తీసుకో. ఆయనేం చేశాడు మధ్యలో, ఆయన మీద అలగడానికి?"

తీసుకున్నాను. పక్కన అత్త రెండు ఖాళీ అరచేతులూ ఒళ్ళో తెరిచి పెట్టుకుని ఉంది. పళ్ళెం వెళ్ళిపోయాక కూడా చాలాసేపు అలాగే ఉంచింది.

పడమటికి తిరిగాకే మాకు సంఘపెద్ద చేను సరిగ్గా కనిపించింది. నల్ల తామర పురుగు పట్టింది. అది పువ్వులోనే దూరుతుంది. పువ్వులన్నీ రాలి సాళ్ళలో పడి ఉన్నాయి, ఆకులు ముడుచుకుపోయాయి. అత్త రోజూ ఆ చేనునే చూసేది. నేను, "తిక్క కుదిరింది" అంటే, "నోరు ముయ్. పువ్వు పోతే ఎలా ఉంటుందో నీకు తెలుసుగా" అంది.

ఒకరోజు ఆయనే వచ్చాడు, అత్త మానిందో లేదో చూడ్డానికి. గట్టు మీదికి ఎక్కి మా వెనకాల నిలబడ్డాడు.

"మానలేదన్నమాట."

"లేదన్నయ్యా."

"అటు ఏం చూస్తున్నావు?"

"నీ చేనే."

"ఏముంది అందులో చూడ్డానికి?"

"ఏం లేదనేగా చూస్తున్నా. రోజూ ఆయనకి చూపిస్తున్నా."

అత్త జరిగి గోతంలో సగం ఖాళీ చేసింది. నేను మట్టిలో కూర్చున్నాను. ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. కాసేపటికి తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అత్త ఆయన వైపు చూడలేదు, నన్నూ చూడనివ్వలేదు. ముగ్గురి నీడలూ ఎండిన సాళ్ళ మీద పడి ఉన్నాయి. ఎండెక్కాక లేచి వెళ్ళిపోయాడు.

చేను బాగుపడలేదు. నేను అద్భుతాలు రాయడం లేదు. పీకేసి జొన్న వేశాడు. కానీ తర్వాతి మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం ఆయనే పట్టుకుని, ముందు వరసలన్నీ దాటుకుని, తిన్నగా అత్త దగ్గరికి వచ్చాడు. అత్త తీసుకుంది. ఇంటికొస్తూ, "క్షమించమని అడగలేదు చూశావా" అన్నాను. "రొట్టె తెచ్చాడుగా. నోటితో కూడా చెప్పాలా?" అంది.

"ఇక తూర్పుకి తిరగొచ్చుగా" అన్నాను. తిరగలేదు. "సూర్యుణ్ణి చూసేవాళ్ళు బోలెడు మందున్నారు కోడలా. ఇటుపక్క చూసేవాళ్ళే లేరు." పోయేదాకా పడమటికే కూర్చుంది.

మట్టి చేసే రోజు సమాధుల తోట నిండిపోయింది. పెట్టె గుంట దగ్గరికి తెచ్చిన కుర్రాళ్ళు ఎటు తిప్పాలో తెలియక తడబడ్డారు. సంఘపెద్ద గట్టిగా అరిచాడు.

"ఒరేయ్, తిప్పండ్రా. తల పడమర, కాళ్ళు తూర్పు. రేపు ప్రభువు వచ్చి లేపినప్పుడు తూర్పుకే చూడాలి."

మా సమాధులన్నీ అలాగే ఉంటాయి. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాం. అత్తని తూర్పుకి తిరిగావని నిలదీసిన ఆ వరండాలో మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు, ఆయనకీ రాలేదు, నాకూ రాలేదు. నాకు నవ్వొచ్చేసింది. ఏడుస్తున్న నోట్లోంచే పెద్దగా బయటికి వచ్చేసింది. మా అమ్మ గిల్లింది. సంఘపెద్ద నా వైపు చూశాడు. ఆయనకీ అప్పుడే వెలిగినట్టుంది. తువ్వాలుతో మూతి కప్పుకున్నాడు గానీ కళ్ళలో నవ్వు దాగలేదు. వంగి పెట్టె మీద చెయ్యి వేసి, "తూర్పుకేనమ్మా, తూర్పుకే" అన్నాడు.

మర్నాడు తెల్లారగట్ల గట్టు మీదికి వెళ్ళాను. గోతం తీసి పరిచాను. ఎటు తిరగాలో కాసేపు తెలియలేదు. పడమటికి తిరిగాను. ఎండ వీపుకి తగిలింది, నా నీడ జొన్న మొలకల మీద పడింది. వెనక చెప్పుల చప్పుడైంది. నేను తిరిగి చూడలేదు. కాసేపటికి నా నీడ పక్కన ఇంకో నీడ వచ్చి కూర్చుంది, భుజం మీద తువ్వాలుతో. జరిగి గోతంలో సగం ఇచ్చాను. మా నీడలు జొన్నలోంచి గోడ దాకా సాగాయి. గోడ అవతల, కొత్త మట్టి కింద, అత్త మాకు ఎదురుగా ఉంది.