దీపం కింద పీట

శౌరయ్య తన లైసెన్సుని మైనపు గుడ్డలో చుట్టి, చొక్కా లోపలివైపు కుట్టించుకున్న జేబులో పెట్టుకునేవాడు. మిషన్ ఆసుపత్రి జీపు నడిపే రోజుల్లో ఒక ఫాదరుగారు దగ్గరుండి బెజవాడ తీసుకెళ్ళి ఇప్పించిన లైసెన్సు అది. పంతొమ్మిదేళ్ళలో దాని మీద ఎర్ర సిరా పడలేదు. "చూడండమ్మాయిగారూ, ఒక్క మచ్చ ఉందేమో" అని నాకు రెండు మూడుసార్లు విప్పి చూపించాడు.

ఆ కాగితం విలువ ఏమిటో మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆయన ఉండే పేటలో మగవాళ్ళందర్నీ మా వీధుల్లో "ఒరేయ్" అనే పిలిచేవారు, తల నెరిసినవాళ్ళని కూడా. మా పెదనాన్న ఆయన్ని "ఒరేయ్ శౌరీ" అనేవాడు. కాని వ్యాను నాలుగు మైళ్ళు వెళ్ళి కంకిపాడు సెంటర్లో ఆగేసరికి టీ కొట్టాయన "డ్రైవరుగారూ, స్ట్రాంగా, మామూలా?" అని అడిగేవాడు. అందరికీ ఇచ్చే గ్లాసులోనే ఇచ్చేవాడు. ఆ "గారు" లైసెన్సుతో వచ్చింది. లైసెన్సుతోనే పోతుంది. ఆ సంగతి శౌరయ్యకి బాగా తెలుసు.

మా పెదనాన్న వెంకటప్పయ్య చుట్టుపక్కల ఊళ్ళ పాలు పోగుచేసి బెజవాడ డెయిరీకి పంపేవాడు. దానికో పాత బెడ్‌ఫోర్డ్ వ్యాను, యాభై ఎనిమిది మోడలు. నేను అప్పుడు గుంటూరులో ఎమ్మే తెలుగు చదువుతున్నాను. సెలవులకి ఊరొచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు ఆ వ్యానులోనే ముందు సీట్లో కూర్చుని, పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని బెజవాడ దాకా వెళ్ళేదాన్ని. శౌరయ్య ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నేను అసలు మాట్లాడేదాన్ని కాదు. అందువల్ల మా ఇద్దరికీ బాగా కుదిరింది.

కంకిపాడు దాకా రోడ్డు కాలువ గట్టు మీదే. చలికాలం వచ్చిందంటే తెల్లవారుజామున మంచు గట్టునీ నీళ్ళనీ కలిపేస్తుంది. డెబ్బై మూడు నవంబరులో ఒక పొద్దున ఎదురుగా వచ్చిన గడ్డి బండి ఆఖరి క్షణందాకా కనపడక, వ్యాను ఎడమ చక్రం గట్టు అంచుదాకా జారి ఆగింది. ఆ సాయంత్రం శౌరయ్య మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన ఏదైనా కావాలని అడగడం నేను చూసింది అదొక్కసారే.

"అయ్యగారూ, బండికి పసుపు లైట్లు రెండు కావాలండి. మంచు లైట్లు."

"ఉన్న రెండూ వెలగట్లేదంట్రా?"

"వెలుగుతున్నాయండి. ఆ వెలుగు మంచుకి తగిలి నా మొహం మీదకే వస్తందండి."

పెదనాన్న నవ్వి సరేనన్నాడు.

తరవాతి శనివారం నేను మళ్ళీ గుంటూరు నుంచి వచ్చి బెజవాడలో వ్యాను ఎక్కితే, శౌరయ్య ఊరివైపు కాకుండా పటమట ఆటోనగర్లోకి తిప్పాడు. అక్కడ బసవపున్నయ్య అని ఒక ఎలక్ట్రీషియను. రేకుల షెడ్డు ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూడగానే లోపల్నుంచి పళ్ళెమంత తెల్ల లైట్లు రెండు తెచ్చి చూపించాడు.

"ఇవి పెట్టించు డ్రైవరుగారూ. ఉయ్యూరు లారీలన్నిటికీ ఇవే. ఎదురొచ్చేవాడి కళ్ళు పోవాల్సిందే."

"వాడి కళ్ళు పోతే వచ్చి నా మీదే పడతాడు కదయ్యా. ఇద్దరి కళ్ళూ ఉండే లైటు ఇవ్వు."

శౌరయ్య గంటసేపు ఏరాడు. అద్దం మీద నిలువు గీతలున్నవి కావాలన్నాడు. బ్యాటరీకి తీగ తగిలించి ఒక్కొక్కటీ వెలిగించి, వెలుగు అట్టముక్క మీద ఎలా పడుతోందో చూశాడు. గుండ్రంగా పడినవాటిని పక్కన పెట్టేశాడు. చివరికి మూల డబ్బాలో దుమ్ము పట్టి ఉన్న చిన్న పసుపు జత ఒకటి దొరికింది. దాని వెలుగు తివాచీ పరిచినట్టు, వెడల్పుగా, పలచగా పడింది. పైన గీత గీసినట్టు ఆగిపోయింది.

"ఇదీ" అన్నాడు.

"ఇదేం లైటండీ, పురిటింటి దీపంలాగా" అని బసవపున్నయ్య వెక్కిరించాడు.

నేను ధైర్యం చేసి, అంత చిన్నవి ఎందుకని అడిగాను. శౌరయ్య నావైపు తిరిగాడు. "పొయ్యి రాజుకోక వంటింటినిండా పొగ కమ్మిందనుకోండి. అమ్మగారు నిలబడి చూస్తారా, వంగి చూస్తారా?"

"వంగి."

"మంచూ అంతేనండి. నేలకి మూరెడు ఎత్తున కాస్త పలచగా ఉంటది. లైటు ఆ సందులో దూరాలి. చీకటిని పొడిచే లైటు వేరు, మంచు కింద దూరే లైటు వేరు."

పాత బండి, డైనమో బలం తక్కువ, నాలుగు లైట్లూ ఒకేసారి వేస్తే బ్యాటరీ దిగిపోతుందని వేరే స్విచ్చి పెట్టించుకున్నాడు. ఇనుప పట్టీ వంచి, బంపరుకి రెండు బెజ్జాలు కొట్టి, లైట్లు దాని కిందకి వేలాడేలా తనే బిగించాడు. మోకాలికన్నా కిందికే ఉన్నాయి. ఊరొచ్చాక గొడ్ల సావిడి గోడకి ఎదురుగా వ్యాను ఆపి, ఇరవై అయిదు అడుగులు కొలిచి, గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. వెలుగు ఆ గీత దాటి పైకి పోకుండా నట్లు తిప్పుతూ, లేస్తూ కూర్చుంటూ పొద్దుగూకేదాకా గడిపాడు. గేదెలు ఆ పసుపు వెలుగుకేసి చూస్తూ నెమరు వేశాయి.

సోమవారం మంచు దట్టంగా దిగింది. శౌరయ్య పెద్ద లైట్లు ఆర్పి పసుపువి వేశాడు. నాకు ఆశ్చర్యం వేసింది. ముందు దూరంగా ఏమీ కనపడలేదు గాని, చక్రాల ముందు ఇరవై గజాలు గట్టు అంచూ, అంచు మీద గడ్డిపోచలూ, వాటి మీద నీటిబొట్లూ కూడా కనిపించాయి.

"ఇంత చాలండమ్మాయిగారూ. ముందున్నదంతా కనపడాలనుకునేవాడే పడేది" అన్నాడు. మరుసటి మూడు వారాలూ వ్యాను ఒక్కరోజు కూడా డెయిరీకి ఆలస్యం కాలేదని విన్నాను.

క్రిస్మస్ సెలవులకి నేను ఊళ్ళో ఉండగా శుక్రవారం వచ్చింది. మా నాయనమ్మ బుల్లెమ్మ ప్రతి శుక్రవారం వ్యానుకి పసుపు కుంకుమ పెట్టేది. లైట్లు పెట్టిన దగ్గర్నుంచీ మోకాళ్ళ నొప్పులతో లేవలేకపోయింది. ఆ రోజు లేచి బొట్టు పెట్టబోయి, వంగి చూసింది.

"ఇవేంటి, ఇక్కడ వేలాడుతున్నాయి?"

"లైట్లండి పెద్దమ్మగారూ" అన్నాడు శౌరయ్య.

"దీపాలా? దీపాలు కాళ్ళ దగ్గర కడతార్రా ఎవరన్నా? కింద పళ్ళెం లేదు, పీట లేదు, ఆకన్నా లేదు! ఆ పేడా బురదా చూడు. లక్ష్మిని పట్టుకొచ్చి గొడ్ల కాళ్ళ కింద పెట్టారు. అందుకే చుక్కబొట్టు గేదె ఎగదన్నింది!"

చుక్కబొట్టు గేదె ఆ వారమే పాలివ్వడం మానేసింది. దానికి ఈత దగ్గరపడింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అయినా పెదనాన్న బయటికొచ్చి, లైట్లవైపూ తల్లివైపూ చూశాడు. ఆయన మనసులో కంకిపాడులో చూసిన లారీ ఒకటి ఉంది. దాని నెత్తిన కిరీటంలా రెండు లైట్లుంటాయి.

"ఒరేయ్ శౌరీ, వీటిని తీసి పైకప్పు మీద పెట్టు. అమ్మకీ బాగుంటుంది, చూడ్డానికీ బాగుంటుంది."

"పైన పెడితే మంచు గోడలాగా కనపడుద్దండి అయ్యగారూ. రోడ్డు కనపడదండి."

"బండి నాది, లైట్లు నావి. మధ్యలో నీదేంట్రా?"

"డ్రైవింగు నాదండీ."

శౌరయ్య నెమ్మదిగానే అన్నాడు. కాని పాలేళ్ళ ముందు అన్నాడు. పెదనాన్న మొహం ఎర్రబడింది. "అంత డ్రైవరుగారివైతే వేరే బండి చూసుకో" అన్నాడు. ఆ "గారు" అనడంలో ఉన్న వెటకారానికి పాలేళ్ళు నవ్వారు.

శౌరయ్య రెంచి తెచ్చుకుని, తను బిగించిన నట్లు తనే విప్పాడు. బంపరులో రెండు బెజ్జాలు ఖాళీగా మిగిలాయి. సాయంత్రానికి లైట్లు నెత్తిమీదకి ఎక్కాయి. నాయనమ్మ కుర్చీ వేయించుకుని ఎక్కి వాటికి బొట్టు పెట్టింది. ఆమె దిగాక శౌరయ్య నాతో చిన్నగా అన్నాడు: "మంచున్న రోజు వాటి జోలికి పోనులెండి. పాత లైట్లతోనే మెల్లిగా పోతా."

డిసెంబరు ఇరవై ఆరు పొద్దున పెదనాన్న కూడా వ్యాను ఎక్కాడు. డెయిరీలో ఏదో మీటింగు. నేను మధ్యలో కూర్చున్నాను. ఊరు దాటగానే మంచు. శౌరయ్య పెద్ద లైట్ల వెలుగు కిందికి దించి, మనిషి నడిచినంత మెల్లిగా పోనిస్తున్నాడు.

"ఇట్లా పోతే మధ్యాహ్నానికి చేరతాం. పాలు విరిగిపోతాయి. ఆ లైట్లు వేయి."

"వద్దండి."

"ఎందుకు పెట్టించుకున్నావురా మరి?" అని పెదనాన్న నా ముందు నుంచి చెయ్యి చాచి స్విచ్చి నొక్కాడు.

ఒక్కసారిగా అద్దం ముందు పసుపు దుప్పటి కట్టినట్టయింది. గట్టు లేదు, కాలువ లేదు. వ్యాను ముక్కు కూడా కనపడలేదు. "ఆర్పండయ్యగారూ, ఆర్పండి" అని శౌరయ్య బ్రేకు తొక్కుతూ ఒక చేత్తో స్విచ్చి వెతుక్కున్నాడు. అది పెదనాన్న చేతి కింద ఉంది. అక్కడ కాలువకి మలుపు. మలుపులో బండి నేరుగా వెళ్ళింది.

శౌరయ్య ముందు నన్ను లాగాడు, తరవాత పెదనాన్నని. నడుం లోతు నీళ్ళు. పెదనాన్న మణికట్టు విరిగింది. పాలక్యాన్లు మూతలూడి కాలువ కొంత దూరం తెల్లగా పారింది. బండి పక్కకి ఒరిగినా నెత్తిమీద ఆ రెండు లైట్లూ వెలుగుతూనే ఉన్నాయి. నాయనమ్మ పెట్టిన బొట్లు కూడా చెరగలేదు.

పొలాల నుంచి జనం వచ్చారు. ఎవరో అన్నారు, "నిన్న వాళ్ళ పండగ గదా, ఇంకా దిగలేదేమో" అని. పెదనాన్న విరిగిన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఔననలేదు, కాదనలేదు. మధ్యాహ్నానికి ఆ మాట ఊరంతా నిజమై కూర్చుంది. శౌరయ్య సారా ముట్టడని పేటంతటికీ తెలుసు. పేటని అడిగినవాళ్ళు లేరు.

రెండో రోజు ఎస్సైగారు ఇంటికొచ్చారు. శౌరయ్య వాకిట్లో, తులసికోటకి దూరంగా నిలబడి ఉన్నాడు. పెదనాన్న జరిగింది చెప్పాడు. మలుపు సంగతి చెప్పాడు, మంచు సంగతి చెప్పాడు. స్విచ్చి సంగతి చెప్పలేదు. "పండగ మర్నాడు గదండీ, నిద్ర చాలక..." అని వదిలేశాడు.

"అమ్మాయిగారు కూడా బండిలో ఉన్నారు. అడగండి బాబూ" అన్నాడు శౌరయ్య.

ఎస్సైగారు తలుపు దగ్గర నిలబడ్డ నావైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వేం చూశావు?"

నా బదులు పెదనాన్న అన్నాడు. "దానికేం తెలుసండీ. పుస్తకాల పిల్ల. కళ్ళు మూసుకుని కూర్చుంది. అంతేనా అమ్మా?"

ఏం చెప్పాలో నాకు తెలుసు. రాత్రంతా మనసులో వాక్యాలు కూర్చుకున్నాను. మంచి వాక్యాలే. శౌరయ్య నావైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. కానిస్టేబులు దాన్ని ఔనని రాసుకున్నాడు.

శౌరయ్య మైనపు గుడ్డ విప్పి లైసెన్సు ఇచ్చాడు. గుడ్డ మళ్ళీ మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం తిరిగి రాలేదు.

వ్యాను బాగవడానికి నెల పట్టింది. ఆటోనగర్లో బసవపున్నయ్య నెత్తిమీది లైట్లు చూసి, "ఇవి ఇక్కడెందుకున్నాయండీ? మీ డ్రైవరుగారు బంపరు కింద ఎంత బాగా బిగించారు!" అన్నాడట. నాయనమ్మ పట్టింపు విన్నాక నవ్వాడట. నవ్వి, లైట్లని మళ్ళీ బంపరు కిందికి దించి, అరచేయంత ఇనుప రేకులు రెండు కత్తిరించి, ఒక్కొక్క లైటు అడుగున ఒకటి అతికించి పంపాడు. "ఇదిగో పీట అని చెప్పండి పెద్దమ్మగారికి" అన్నాడట.

నాయనమ్మ చూసింది. "ఆఁ, ఇప్పుడు బాగుంది" అని కిందికి వంగి బొట్టు పెట్టింది. అంతకు మించి ఏమీ లేదు. అరచేయంత రేకు. ఆ శుక్రవారమే ఎవరన్నా ఒక్క మాట చెబితే శౌరయ్య అయిదు నిమిషాల్లో అతికించేవాడు. ఆయన్ని లైట్లు తీసేయమన్నారు, తీశాడు. ఏముంటే చాలునో ఎవరూ చెప్పలేదు. నేనూ అక్కడే ఉన్నాను.

పెదనాన్న కంకిపాడులో ఎవరు లైట్లు మెచ్చుకున్నా, "మంచుకి లైటు కిందే ఉండాలండీ. పైన పెడితే ఎదురు కొడుతుంది. ఆ తాగుబోతుకి ఎంత చెప్పినా వినలేదు" అనేవాడు. చెప్పగా చెప్పగా ఆయన దాన్ని నమ్మాడనే అనుకుంటాను.

శౌరయ్య కూలికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆయన భార్య తెరేసమ్మ ఒకసారి మా దొడ్డివైపు కనిపించింది. "ఆయన కంకిపాడు సెంటరు మీదుగా పోవట్లేదమ్మా. చుట్టుదారిన నడిచిపోతున్నాడు" అంది. టీ కొట్టు ఆ సెంటర్లోనే ఉంది.

ఏడాది తిరిగాక జనవరిలో ఒక మంచు పొద్దున నేను వ్యానులో వెళుతున్నాను. కొత్త డ్రైవరు పుల్లయ్య నడుపుతున్నాడు. గట్టు మలుపులో పసుపు వెలుగు ముందు రెండు కాళ్ళ మీద పడింది, తరవాత భుజాన ఉన్న పార మీద. శౌరయ్య పక్కకి తప్పుకున్నాడు. వెళ్ళిపోకుండా వంగి, వెలుగు రోడ్డు మీద ఎలా పడుతోందో చూశాడు. చెయ్యెత్తి ఆపాడు.

"ఎడమది వేలెడు పైకి లేచింది బాబూ. దించుకో" అన్నాడు. నావైపు చూశాడో లేదో ఆ మంచులో తెలియలేదు.

వ్యాను కదిలింది.

"ఎవరండీ ఆ ముసలాయన? తాగి బండిని కాలవలో పెట్టాడంటారు, ఆయనేనా?" అని అడిగాడు పుల్లయ్య.

"తాగలేదు" అన్నాను.

"ఏంటండీ?"

ఇంజను మోతలో ఆయనకి వినపడలేదు. నేను రెండోసారి అనలేదు.