బొట్టు పెట్టించుకున్న కొండవేప

మడికొండలో మా గేటు బయట, రోడ్డు పక్కన, వేప అనుకునే ఆ మొక్క నాటాను. నర్సరీవాడు అలాగే చెప్పి అంటగట్టాడు. పెద్దగా నీళ్లు కూడా అడగకుండా మూడేళ్లలో మేడను అందుకుంది. చలికాలం రాగానే ఆకంతా రాల్చేసి, గుత్తులు గుత్తులుగా పసుపుపచ్చని పండ్లు వేలాడేసుకుంది. వేప ఎక్కడైనా చలికి పండుతుందా? చిగురేశాక ఆకు పట్టి చూశాను. వేపకు ఈనెకు అటూ ఇటూ ఆకులుంటాయి. దీని ఈనె మళ్లీ చీలి, చీలిక చీలికకూ ఆకులు పెట్టింది. ఇది కొండవేప! అందానికి దీని తర్వాతే ఏదైనా, నోట్లో మాత్రం పెట్టుకోకూడదు.

ఎవరికీ చెప్పలేదు. ఎదురింటాయన దాన్ని కొట్టించి అక్కడ కారు పెట్టుకోవాలని కాచుకుని ఉన్నాడు. వేప జోలికైతే మా కాలనీలో ఎవరూ పోరు. పక్కింటక్క అప్పటికే మొదలుకు పసుపు రాసి బొట్లు పెట్టింది. బోనాలకు మండలు కూడా దీనివే తెంపారు. అమ్మవారే ఏమీ అనలేదు, మధ్యలో నేనెందుకంటాను?

ఉగాది పొద్దున అక్క స్టీలు పళ్లెం పట్టుకుని స్టూలెక్కింది. కాలనీ మొత్తానికి పచ్చడి ఆమే చేస్తుంది.

"పువ్వు ఊదా రంగుల పూసింది సూశినవా తమ్మీ? తల్లి మహిమ!"

నోరు మూసుకుంటే కాలనీ అంతా దవాఖానలో ఉంటుంది. తెరిస్తే చెట్టు ఉండదు. ఆ చెట్టంటే నాకు ప్రాణం.

"ఆగక్కా! అది వేప కాదు, కొండవేప. కడుపుల పడితే విషం!" అని అరిచాను.

ఎదురింటాయన పండగ బట్టల్లోనే గొడ్డలితో ప్రత్యక్షమయ్యాడు.

"వేప కాదా? ఇగ ఫికరే లేదు, కొట్టేద్దాం."

అక్క స్టూలు దిగి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"కొట్టు తమ్మీ. గని జర చెప్పు. నీ కొత్త కారుకు పూజ చేయించింది ఈ చెట్టు కాడనే గదా? ఇది వేప కాకపోతే ఆ పూజ చెల్లనట్టే. గిన్ని రోజుల సంది పూజ లేని బండిల పిల్లలను తిప్పుతానవా?"

ఆయన కారు వైపు చూశాడు. చెట్టు వైపు చూశాడు. గొడ్డలిని మెల్లగా వీపు వెనక్కి జరిపాడు.

"అన్నా, నీకు చెట్లు గుర్తుపట్టుడు రాదే," అన్నాడు నాతో. "ఇది వేపే."